పాత బండ్ల గుర్తింపు ప్లేట్లు శుభ్రం చేయడం, బాగుచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా ఇళ్లలో పాత బండ్లు ఇంకా ఉన్నాయి. కొట్టంలో గడ్డి మోపుల వెనక జీపు, వరండాలో గోనెసంచి కప్పిన స్కూటర్, బావి దగ్గర చింతచెట్టు కింద ట్రాక్టర్. పిల్లలు పెద్దవాళ్లై, నాలుగు డబ్బులు చేతిలో ఆడినప్పుడు తాత బండినో నాన్న బండినో బాగుచేయిద్దామనుకుంటారు. టైర్లు, సీటు, రంగు, క్రోమ్ అన్నీ గుర్తుంటాయి. అర చేయంత కూడా లేని గుర్తింపు ప్లేటు ఎవరికీ గుర్తుండదు. గుర్తొచ్చే సరికి దాన్ని రుద్ది మెరుగుపెట్టే బఫింగ్ మిషన్‌కు పెట్టేసి ఉంటారు. నా దగ్గరకు వచ్చిన ప్రశ్నలూ, నేను చేసి చూసి తెలుసుకున్న జవాబులూ ఇవి.

గుర్తింపు ప్లేటు అంటే నంబర్ ప్లేటేనా?

కాదు. నంబర్ ప్లేటు ఆర్టీఏ ఆఫీసు ఇచ్చిన నంబర్‌ది. అది మారుతుంది. నల్గొండ జిల్లా కోడ్ ఒకప్పుడు ఏపీ 24, తెలంగాణ వచ్చాక టీఎస్ 05, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 05. పాలమూరుకు ఏపీ 22, తర్వాత టీఎస్ 06. గుర్తింపు ప్లేటు వేరు. బండి తయారైన రోజు ఫ్యాక్టరీలో బిగించిన చిన్న రేకు అది. కంపెనీ పేరు, ఊరు, మోడల్, చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్, కొన్నింటిలో బరువు, హార్స్‌పవర్ కూడా ఉంటాయి. అంబాసిడర్ మీద ఉత్తరపారా. బండి ఎక్కడ పుట్టిందో దాని ఒంటి మీద రాసి ఉన్నది అక్కడే. జీపులకు డాష్‌బోర్డు మీద, కార్లకు బానెట్ ఎత్తితే కనిపించే అడ్డగోడ మీద, ట్రాక్టర్లకు మీటర్ల పక్కన వెతకండి. చాలా మోటార్ సైకిళ్లకు, స్కూటర్లకు ప్లేటు ఉండదు, నంబర్ నేరుగా ఫ్రేమ్ మీదే కొట్టి ఉంటుంది.

చాసిస్ మీద పంచ్ కొట్టిన నంబర్ ఉంది కదా, ప్లేటు ఎందుకంత ముఖ్యం?

చట్టానికి ముఖ్యమైనది చాసిస్ ఇనుము మీద, ఇంజన్ మీద పంచ్ కొట్టిన నంబరే. బండి చేతులు మారేటప్పుడు దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసే ప్రింట్ అదే. ప్లేటు దానికి సాక్షి. యాభై ఏళ్ల బండిలో చాసిస్ నంబర్ తుప్పుకు సగం పోయి ఉండవచ్చు, ఇంజన్ మారి ఉండవచ్చు. అప్పుడు ఆ అంకె మూడా ఎనిమిదా అన్నది తేల్చేది ప్లేటే.

ప్లేటును నేను పాత భూమి కాగితంలా చూస్తాను. తాత పేరున ఉన్న పహాణీని ఎవరూ సబ్బు పెట్టి ఉతకరు కదా. దుమ్ము దులుపుతాం, మడతలు విప్పుతాం, చదవగలిగేలా చేస్తాం. ప్లేటుకు చేయాల్సిందీ అంతే, అది మెరవాల్సిన పని లేదు. ఈ ఒక్క మాట ఒప్పుకుంటే కింద ఉన్న జవాబులన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మొదలుపెట్టే ముందు ఏం చేయాలి?

ఫోటోలు తీయాలి. ఎదురుగా ఫ్లాష్ వేసి తీస్తే ఏమీ కనబడదు. సాయంత్రం లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని ప్లేటుకు దాదాపు ఆనించి పక్క నుంచి వెలుతురు కొట్టండి. అరిగిపోయిన అంకె అంచు కూడా నీడ పడి పైకి తేలుతుంది. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు తీయండి. ఒక వైపు నుంచి కనబడని గీత ఇంకో వైపు నుంచి కనబడుతుంది.

తర్వాత పల్చని తెల్ల కాగితం పెట్టి మెత్తని పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. ఆర్టీఏ పనికి చాసిస్ ప్రింట్ తీసినట్టే. ఆ కాగితం మీద తేదీ రాసి ఆర్సీతో పాటు దాచండి. చివరగా స్కేలు పెట్టి కొలతలు, రివెట్ల మధ్య దూరం రాసుకోండి. బండి పెయింట్ షాపుకు పోయాక ప్లేటు కనబడకుండా పోవడం నేను ఒకటికి రెండు సార్లు చూశాను. రెండు సార్లూ ఫోటో లేదు. ఇంటివాళ్లు ఆ నంబర్ కోసం పడిన టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

ప్లేటు ఏ లోహమో ఎలా తెలుసుకోవాలి?

ఇది తెలియకుండా ఏ మందూ ముట్టకండి. ఫ్రిజ్ మీద పెట్టే అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే ఇనుప రేకు. అంటుకోకపోతే ఇత్తడో, అల్యూమినియమో, జింక్ కలిసిన పోత లోహమో. రివెట్ పక్కన లేదా ప్లేటు అంచున రంగు లేని చోట చూడండి. పసుపు కనిపిస్తే ఇత్తడి, తెల్లగా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. కొన్ని పోత ప్లేట్లకు పైన మాత్రం ఇత్తడి పూత ఉంటుంది. రుద్దితే పసుపు పోయి కింద బూడిద రంగు వస్తుంది. అలా వస్తే అక్కడే ఆపండి.

అల్యూమినియం ప్లేట్లలో ఎక్కువ భాగం అనొడైజ్ చేసినవి. అంటే కరెంటు పెట్టి పైన గట్టి పొర ఎక్కించి, రంగును ఆ పొరలోనే ఇంకించినవి. ఆ పొర కంటికి కనబడనంత పల్చన. ఘాటైన ఆమ్లం తగిలినా, ఘాటైన క్షారం తగిలినా కరిగిపోతుంది. పోతే రంగుతో, అక్షరాలతో సహా పోతుంది. దాన్ని తిరిగి ఎవరూ తేలేరు.

మామూలు మురికికి ఏం వాడాలి?

ముందు పొడిగా, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. చిన్నపిల్లల టూత్ బ్రష్ సరిపోతుంది. మన దుమ్ములో ఇసుక ఎక్కువ. తడిపి రుద్దితే అదే గరుకు కాగితం అవుతుంది.

తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. దూది చుట్టిన పుల్లను అందులో ముంచి, పిండి, అంగుళం అంగుళం తుడవండి. పుల్ల నల్లబడగానే పారేసి కొత్తది తీసుకోండి. అదే పుల్లతో రుద్దుతూ పోతే మురికిని ఒక చోట నుంచి ఇంకో చోటికి పూసినట్టే.

గ్రీజు మడ్డి కట్టి ఉంటే టర్పెంటైన్. పాతవాళ్లు గ్యాస్‌నూనె అనే కిరోసిన్ దొరికితే అదీ పనిచేస్తుంది. పుల్లకు తడి చేసి మడ్డి మీద పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, తుడవండి. అక్షరాల మూలల్లో ఇరుక్కున్నదానికి వెదురు పుల్లను చెక్కి వాడండి. గుండుసూది, స్క్రూడ్రైవర్ మొన, బ్లేడు వద్దు. నంబర్ మీద కొత్త గీత పడితే రేపు తనిఖీ చేసే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) దాన్ని దిద్దిన గుర్తుగా చూస్తారు, చూడటం తప్పు కాదు కూడా.

ఇంతవరకు చేసి ఆరనిచ్చి చూస్తే, వచ్చిన ప్లేట్లలో సగానికి పైగా ఇక్కడే పని అయిపోతుంది.

కడగడానికి బోరు నీళ్లు వాడొచ్చా?

వద్దు. నల్గొండ నీళ్ల గురించి మనకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. నీళ్లలోని ఉప్పులు ఆరి గ్లాసు మీద తెల్ల చారికలు ఎలా పడతాయో ప్లేటు మీదా అలాగే పడతాయి. నల్ల రంగు నింపిన చోట్లలో ఆ తెల్ల పొర పట్టిందంటే మళ్లీ ఆమ్లం లేకుండా వదలదు, ఆమ్లం పెడితే రంగు పోతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక లీటర్ సీసా కొనండి. పది ప్లేట్లకు వస్తుంది. కడిగాక గాలికి వదిలేయకుండా మెత్తని నూలు గుడ్డతో అద్ది తుడవండి.

ఇత్తడి ప్లేటుకు చింతపండు మంచిదే కదా? ఇంట్లో బిందెలు దానితోనే తోముతాం.

బిందె వేరు, ప్లేటు వేరు. బిందెను ఐదు నిమిషాలు తోమి కడిగేస్తాం. దాని మీద చదవాల్సింది ఏమీ లేదు, రేకు కూడా మందం.

ఈ విషయంలో నా వల్ల ఒక ప్లేటు పాడైంది. ఒక జీపు ఇత్తడి ప్లేటును రాత్రంతా చింతపండు పులుసులో నానబెట్టాను. పొద్దున తీస్తే గులాబీ రంగులో ఉంది. ఇత్తడి అంటే రాగి, జింక్ కలిసిన లోహం. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే జింక్ ముందు కరిగిపోతుంది, పైన మెత్తని రాగి పొర మిగులుతుంది. దాన్ని పాలిష్ చేస్తే గులాబీ పోతుంది, దానితో పాటు అంకెల అంచులూ పోతాయి. నేను పాలిష్ చేయలేదు. ఆ ప్లేటు ఈ రోజుకీ అలాగే ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ఆ ఇంటాయనకు ఏం చెప్పానో గుర్తొస్తుంది.

ఇత్తడి మీద ఆకుపచ్చగా చిలుము గట్టిగా పట్టి, అక్షరం చదవలేని చోట మాత్రం, నిమ్మరసంలో సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, పుల్లతో ఆ మచ్చ మీదే పెట్టి, అర నిమిషంలో తుడిచి కడిగేయండి. అవసరమైతే మళ్లీ ఒకసారి. ముదురు గోధుమ రంగు పట్టి ఉంటే దాన్ని ముట్టకండి. అది మురికి కాదు, ఇత్తడి తనకు తాను కట్టుకున్న కవచం.

అల్యూమినియంకు చింతపండు, నిమ్మ, బూడిద, వంటసోడా ఏదీ వద్దు. కాస్టిక్ సోడా అయితే అల్యూమినియాన్ని కళ్ల ముందే బుడగలు కక్కుతూ తినేస్తుంది. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అదీ వద్దు. "జర్రసేపే గదా అన్నా, ఏం గాదు" అంటారు కొందరు మెకానిక్‌లు. ఆ జర్రసేపు చాలు.

బ్రాసో వాడొచ్చా?

సాదా ఇత్తడి బిళ్లకు పర్వాలేదు. రంగు నింపిన ప్లేటుకు వద్దు. ఇత్తడి పాలిష్‌లలో మెత్తని రాపిడి పొడి ఉంటుంది, చాలా వాటిలో అమ్మోనియా కూడా. రాపిడికి పైకి ఉన్న అక్షరాల అంచులు గుండ్రబడతాయి, గుంటల్లోని రంగు లేస్తుంది, మిగిలిన పాలిష్ మూలల్లో తెల్లగా ఎండి కూర్చుంటుంది.

అమ్మోనియా సంగతి కాస్త చెప్పాలి, మన ఊళ్లకు ఇది సంబంధించినదే. బ్రిటిష్ కాలంలో మన దేశంలో సైన్యం దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలం వస్తే వాటంతట అవే చీలిపోయేవి. గుర్రపు సాలల నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తడి, గొట్టాన్ని ఒత్తి తయారుచేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుందని 1921లో తేల్చారు. ఇప్పుడు మన జీపు ఎక్కడుంది? పశువుల కొట్టంలో. పశువుల మూత్రం నుంచి వచ్చే ఘాటు అదే అమ్మోనియా. పంచ్ కొట్టిన అంకెల చుట్టూ, వంగిన మూలల్లో, రివెట్ బిగించిన కన్నాల దగ్గర లోహంలో ఒత్తిడి ఉంటుంది. కొట్టంలో ఏళ్ల తరబడి ఉన్న బండి ఇత్తడి ప్లేటును తీసేముందు ఆ చోట్లను భూతద్దంతో చూడండి. వెంట్రుక లాంటి పగులు కనిపిస్తే ప్లేటు తీయకండి, వంచకండి. ముందు బండిని అక్కడి నుంచి కదిలించండి.

ప్లేటు మీద బండి రంగు కొట్టేశారు. అక్షరాలు కనబడటం లేదు.

మన దగ్గర చాలా ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. పెయింటర్ ప్లేటు మీద టేపు వేయకుండా స్ప్రే కొట్టేస్తాడు. ఒక జీపు ప్లేటు మీద ఆకుపచ్చ, తెలుపు, మళ్లీ ఆకుపచ్చ, మూడు పొరలు తీశాను.

థిన్నర్ గుడ్డతో ఒక్కసారి రుద్దితే పై రంగుతో పాటు ఫ్యాక్టరీ రంగూ వస్తుంది. ముందు మూలలో గోరంత చోట పరీక్షించండి. ముందుగా టర్పెంటైన్, దానికి కదలకపోతే స్పిరిట్, దానికీ కదలకపోతే థిన్నర్. మెత్తని దాని నుంచి ఘాటు దానికి ఒక్కో మెట్టు. ఫ్యాక్టరీ రంగు చాలా ప్లేట్లకు పొయ్యిలో కాల్చి ఎక్కించినది కాబట్టి, తర్వాత కొట్టిన గాలికి ఆరే రంగు కంటే గట్టిగా ఉంటుంది. ఓపిక ఉంటే ఆ తేడాయే మీకు సాయం చేస్తుంది. పుల్లకు పై రంగు మాత్రమే అంటుతోందా, నలుపు కూడా వస్తోందా అని ప్రతిసారీ చూసుకోండి. నలుపు వచ్చిందంటే ఆగిపోవాలి.

పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. పొడిగా గీకి ధూళి లేపకండి. మాస్క్ పెట్టుకోండి, గాలి ఆడే చోట కూర్చోండి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి. తుడిచిన దూదిని తోటలో వేయకండి.

శుభ్రం చేయడానికి ప్లేటు ఊడదీయాలా?

వీలైనంత వరకు వద్దు. ప్లేటు దాని చోట, దాని రివెట్లతో ఉండటమే దానికి సగం విలువ. బాడీ మొత్తం రంగు తీసి రేకు పని చేయిస్తుంటే మాత్రం తప్పదు.

అప్పుడు ముందు వెనక వైపు చూడండి. చేయి పోతే రివెట్ తోకను వెనక నుంచి గీకి, నెమ్మదిగా ముందుకు నెట్టవచ్చు. కొన్ని ప్లేట్లకు ఉండేవి రివెట్లు కావు, సుత్తితో కొట్టి దిగేసే మర మేకులు, డ్రైవ్ స్క్రూలంటారు. వాటి తలను సన్న కట్టర్ ప్లేయర్‌తో పట్టి తిప్పుతూ పైకి లాగితే వస్తాయి. ముందు నుంచి డ్రిల్ పెట్టాల్సి వస్తే రివెట్ తల వరకే పోనివ్వండి. బిట్టు జారితే నంబర్ మీదకు వస్తుంది. ప్లేటు మీద మందంగా టేపు అంటించి, కన్నం చోట మాత్రం తెరిచి పని చేయండి. ఊడిన రివెట్లను కూడా కవర్‌లో వేసి దాచండి.

ప్లేటు లేవగానే కింద ఉన్న రంగును ఫోటో తీయండి. ఎండ తగలని, వాన తగలని ఆ చోట బండి మొట్టమొదటి రంగు ఫ్యాక్టరీలో వేసినట్టే ఉంటుంది. "మా జీపు మొదట ఏ రంగో" అని ఇంట్లో జరిగే వాదన ఆ రెండంగుళాల దగ్గర తీరిపోతుంది. ఆ చోటును గీకకుండా రంగు షాపుకు తీసుకెళ్లి షేడ్ కలిపించుకోండి.

తిరిగి బిగించేటప్పుడు పాప్ రివెట్లు వద్దు. మధ్యలో కన్నంతో అవి కొత్తవని దూరం నుంచే చెబుతాయి, చూసినవాళ్లకు అనుమానం వస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో డ్రైవ్ స్క్రూలు, గట్టి అల్యూమినియం రివెట్లు అడగండి. ఇత్తడి ప్లేటుకు ఇనుప స్క్రూ నేరుగా తగిలితే తడిలో ఇనుము త్వరగా తుప్పుపడుతుంది. బిగించే ముందు ప్లేటు వెనక పల్చగా మైనం పూయండి. డబుల్ టేపు, ఫెవిక్విక్ వద్దు. మన మే నెల ఎండకు టేపు మెత్తబడుతుంది, ఫెవిక్విక్ ఊడదీయాలంటే ప్లేటు వంగుతుంది.

ప్లేటు వంగిపోయింది.

సుత్తి పట్టకండి. రెండు నున్నని టేకు చెక్కల మధ్య, మెత్తని తోలు ముక్క పెట్టి, వైస్‌లో రోజుకు కొంచెం చొప్పున బిగించండి. మూడు నాలుగు రోజుల్లో దాదాపు చదునవుతుంది. పూర్తిగా కాకపోయినా పర్వాలేదు. వేడి చేస్తే రంగు మాడుతుంది.

రంగు పూర్తిగా పోయింది, మళ్లీ నింపవచ్చా?

నింపవచ్చు. కానీ సగానికి పైగా పాత రంగు ఉంటే నేను నింపను. మిగిలినదే ఆ ప్లేటు వయసుకు సాక్ష్యం.

నింపాలనుకుంటే మొదట అసలు రంగు వెతకండి. రివెట్ తల కింద, మూలల్లో చిన్న తునక దొరుకుతుంది. నలుపనుకున్నది చాలాసార్లు ముదురు ఎరుపో నీలమో అవుతుంది. సైన్‌బోర్డు రాసేవాళ్లు వాడే ఎనామెల్ పెయింట్ చిన్న డబ్బా చాలు. సన్న బ్రష్‌తో గుంటల్లోకి పారేలా వేయండి, పైకి పొంగినా ఫర్లేదు. అరగంట, ముప్పావు గంట ఆగండి. వేలు ఆనిస్తే అంటీ అంటకుండా ఉండాలి. అప్పుడు చదునైన చెక్కముక్కకు నూలు గుడ్డను ముడతలు లేకుండా బిగించి, టర్పెంటైన్‌తో కొద్దిగా తడి చేసి, పైన తేలిన అక్షరాల మీదుగా ఒకే వైపు లాగండి. గుడ్డను వేలికి చుడితే వేలు గుంటలోకి దిగి రంగు తీసేస్తుంది. చెక్క దిగదు, కిటుకంతా అక్కడే. ప్రతిసారీ గుడ్డలో కొత్త చోటు వాడండి. తేడా వస్తే మొత్తం తుడిచేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు, రంగు పచ్చిగా ఉన్నంతసేపూ ఏ నష్టమూ లేదు. తర్వాత వారం రోజులు దుమ్ము పడకుండా ఆరనివ్వండి.

పంచ్ కొట్టిన నంబర్లలో మాత్రం రంగు నింపకండి. ఫ్యాక్టరీ వాళ్లు నింపలేదు, నింపితే దిద్దినట్టు కనబడుతుంది. ఫోటో కోసం చదవాలంటే కాస్త టాల్కం పౌడర్ అద్దండి, తర్వాత బ్రష్‌తో దులిపేయవచ్చు.

పైన లాక్కర్ (రంగు లేని వార్నిష్) కొట్టాలా, మైనం పూయాలా?

మైనం. మ్యూజియంలలో లోహపు వస్తువులకు మైక్రోక్రిస్టలైన్ మైనం వాడతారు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బియ్యపు గింజంత తీసుకుని పల్చగా పూసి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు మళ్లీ పూయండి. లాక్కర్ మెరుస్తుంది గానీ ఎక్కడైనా లేస్తే దాని కింద తడి చేరి దారాల్లా నల్ల చారలు పాకుతాయి. అప్పుడు థిన్నర్ పెట్టి మొత్తం తీయాలి. మైనం టర్పెంటైన్‌కు వచ్చేస్తుంది. వెనక్కి తీయలేని పని ఏదీ ప్లేటు మీద చేయకూడదన్నదే నా నియమం.

అంకె అరిగిపోయింది. మళ్లీ పంచ్ కొట్టించవచ్చా?

మీకు మీరు, మెకానిక్ చేత, లేత్ షాపులో, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఉద్దేశం మంచిదే కావచ్చు, చట్టం కళ్లకు అది నంబర్ దిద్దడమే. బండి సీజ్ అవుతుంది, మీ మీద కేసు పడుతుంది. చాసిస్ నంబర్ నిజంగా తుప్పుకు పోయి ఉంటే ఆర్సీ, పాత ప్రింట్, ఫోటోలతో ఆర్టీఏ ఆఫీసుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. వాళ్లు తనిఖీ చేసి, అనుమతి ఇచ్చి, చెప్పిన చోటే ఆ పని జరగాలి. ముందు ఈ పేజీలో చెప్పిన ఫోటోలు, పెన్సిల్ ప్రింట్ అప్పుడు అక్కరకొస్తాయి.

ఇంకో విషయం తెలుసుకోండి. పంచ్ దెబ్బకు పైన గుంట పడటమే కాదు, దాని కింద లోహం కూడా నలిగి గట్టిపడుతుంది. పైన గ్రైండర్ పెట్టి నున్నగా చేసినా, ఆ నలిగిన భాగం ఆమ్లపు మందుకు వేరుగా స్పందిస్తుంది. ఫోరెన్సిక్ వాళ్లు చెరిపేసిన నంబర్లను చదివేది అలాగే. పాత బండి కొంటున్నప్పుడు నంబర్ చుట్టూ మాత్రమే నున్నగా మెరుస్తున్న చోటు కనబడితే, ధర ఎంత తక్కువైనా వెనక్కి తిరిగి రండి.

ప్లేటు మీద నంబర్‌కూ ఆర్సీలో నంబర్‌కూ తేడా ఉంది. భయపడాలా?

ముందు కూర్చుని అక్షరం అక్షరం పోల్చండి. ఇప్పటి 17 అక్షరాల నంబర్లలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, అంకెలతో కలిసిపోతాయని. పాత నంబర్లు చిన్నవి, ఆ నియమం వాటికి లేదు. చేత్తో రాసిన ఆర్సీ పుస్తకంలో సున్నా ఓ అయి ఉంటుంది, ఎనిమిది బీ అయి ఉంటుంది, కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక అంకె జారి ఉంటుంది. అది సరిదిద్దుకోదగ్గ తప్పు.

ఇంజన్ నంబర్ మొత్తంగా వేరే అయితే ఇంజన్ మారిందన్నమాట. పాత విల్లీస్ నమూనా జీపుల్లో పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ పెట్టడం ఒకప్పుడు ఎంత మామూలో పెద్దవాళ్లను అడగండి. అలాంటి బండి ప్లేటు మీద పాత ఇంజన్ నంబరే ఉంటుంది, ఉండనివ్వండి. సరిచేయాల్సింది ఆర్సీని, ప్లేటును కాదు. చాసిస్ నంబర్ వేరే అయితే మాత్రం రంగుకు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకముందే ఆర్టీఏకు వెళ్లండి.

ప్లేటు పోయింది. కొత్తది చేయించి పెట్టొచ్చా? హైదరాబాద్‌లో పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో దొరుకుతాయంటారు.

వేరే బండి నుంచి ఊడిన ప్లేటు కొనకండి. అది ఇంకొకరి బండి పేరు. దొంగ బండ్లకు ముసుగు వేసేది అలాంటి ప్లేట్లతోనే.

నంబర్ చోటు ఖాళీగా ఉన్న నకలు ప్లేటును అలంకారం కోసం పెట్టుకోవాలనుకుంటే, వెనక వైపు 'నకలు' అని, చేయించిన సంవత్సరం చెక్కించండి. నంబర్ కొట్టించకండి. బండి అమ్మేటప్పుడు కొనేవారికి ఆ మాట నోటితో, కాగితం మీద రెండు విధాలా చెప్పండి. నా మటుకు నేను ఖాళీ రివెట్ కన్నాలనే ఇష్టపడతాను. అవి అబద్ధం చెప్పవు.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ప్లేటు అవసరమా?

2021 జూలైలో కేంద్రం పాత బండ్లకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, వాణిజ్య వాడకం లేని రెండు, నాలుగు చక్రాల బండ్లు వాటి కిందకు వస్తాయి. చాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు, బండి తన అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ 5,000. నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత నంబరే ఉంచుకోవచ్చు. ఇలా నమోదైన బండిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తీయవచ్చు.

అసలు రూపం అన్న ఆ మాట దగ్గరే మీ ప్లేటు మీ తరఫున మాట్లాడుతుంది. తనిఖీ రోజున బఫింగ్ చేసిన అద్దం లాంటి రేకు కంటే, కాస్త మసకగా, స్పష్టంగా చదవగలిగే ప్లేటు ఎక్కువ పని చేస్తుంది.

బావి దగ్గరి ఆయిల్ ఇంజన్ ప్లేటుకు కూడా ఇదే పద్ధతా?

ఇదే. వాటికి రిజిస్ట్రేషన్ గొడవ లేదు కాబట్టి చేయి తిప్పుకోవడం వాటి మీద నేర్చుకోండి.

ఊడదీసిన ప్లేటును ఎలా దాచాలి?

బండి పని ఏడాది పట్టినా పట్టవచ్చు. పెయింట్ షాపులో వదలకండి, మీ ఇంటికి తెచ్చుకోండి. నూలు గుడ్డలో చుట్టి, జిప్ ఉండే పాలిథిన్ కవర్‌లో, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, బీరువాలో ఆర్సీ పక్కన పెట్టండి. మందపాటి పీవీసీ ఫైల్ కవర్లు వద్దు, కాలం గడిచేకొద్దీ వాటి నుంచి వచ్చే ఆవిరి లోహాన్ని తింటుంది.

ప్లేటు మూలన ఎవరో మేకుతో తెలుగులో పేరు గీకారు. దాన్ని తీసేయడం ఎలా?

తీసేయకండి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక ట్రాక్టర్ ప్లేటు మీద ఇలాగే నాలుగు అక్షరాలు ఉన్నాయి. ఇంట్లో అడిగితే ఆ బండిని మొదట నడిపిన జీతగాడి పేరని తేలింది. నంబర్‌కు తగలకుండా, కుడి మూలన, చదువు వచ్చీరాని చేతితో గీసుకున్నాడు. ఆ ఇంటి పెద్దమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడింది. మైనం పూసేటప్పుడు ఆ గీతల్లో తెల్లగా నిలిచిపోకుండా వెదురు పుల్ల మొనతో ఒక్కో గీతనూ విడిగా తుడిచాను. మీరూ అలాగే చేయండి.